గట్టు మీది ఆ పువ్వు గుంటగలగర కాదు

పొలం గట్టు మీది మొక్క ఫొటో పెట్టి, ఇది గుంటగలగరేనా, తలనూనె కాచుకోవచ్చా అని అడిగారు. కాదండీ. అది గడ్డి చామంతి. మా ఇంట్లో గాయపాకు అనేవారు.

గుంటగలగరకు తడి కావాలి. చెరువు గట్టున, కాలువ ఒడ్డున పెరుగుతుంది. పువ్వు చిన్నది, తెల్లనిది. ఆకు నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. మీ ఫొటోలో ఉన్నది మెట్ట నేల. నేలబారుగా పాకిన కొమ్మలు, నూగు ఆకులు, జానెడు సన్నని కాడ చివర ఒకే పువ్వు. మధ్యన పసుపు, చుట్టూ నాలుగైదు లేత రేకులు, ఒక్కో రేకు కొనకు మూడు పళ్లు. ఆ మూడు పళ్లు కనిపించాక నాకు అనుమానం ఉండదు.

చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, నా పదకొండో ఏట, వద్దన్నా వినకుండా గోగు కోతలో కొడవలి పట్టాను. ఎడమచేతి చూపుడు వేలు తెగింది. మామ్మ కంగారు పడలేదు. గట్టు మీద వంగి గుప్పెడు ఆకు దూసి, అరచేతిలో నలిపి, పసరు వేలి మీద పిండి, ఆ పిప్పినే పెట్టి గుడ్డపేలికతో కట్టింది. భగ్గుమని మండింది. ఊదబోతే చెయ్యి పట్టుకుని, "ఊదకు నాయనా, మండనీ" అంది. నాన్న రెండు మోపులు కట్టేలోగా రక్తం ఆగింది. సాయంత్రం ఆయన సైకిలు మీద తీసుకెళ్లి ధనుర్వాతం సూది వేయించారు. అదీ అవసరమే, తుప్పు కొడవలికి ఆకు ఒక్కటే చాలదు. చిన్న గాయానికి మాత్రం దీన్ని మించింది లేదని ఇప్పటికీ అంటాను.

వీడియోల్లో దీన్ని ఋషులు చెప్పిన మూలిక అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మొక్క. దీని గుణం పట్టుకున్నది కలుపు తీసే ఆడవాళ్లు, పశువులు కాసేవాళ్లు. వాళ్ల చేతి విద్యను ఇంకొకరి ఖాతాలో ఎందుకు వేయాలి?

ఇంకో మాట. మీ ఫొటోలో పువ్వు పక్కన గడ్డంతా ఒక చారలా ఎండి ఎర్రబడింది. ఎవరో కలుపు మందు కొట్టినట్టుంది. ఆ గట్టు మీది ఆకు దేనికీ కోయకండి.