ఆవిడ పుణ్యం ఆవిడది, నా నడుం నాది

ప్రశ్న: మాది కోనసీమ. మా మామ్మ ఎనభై ఆరో ఏట పోయారు, వచ్చే నెలలో సంవత్సరీకాలు. వేళ కాని వేళలో ఎవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపని మనిషి. ఏకాదశి ఉపవాసాలు, కార్తీక స్నానాలు, విష్ణు సహస్రనామం మంచాన పడే వరకు విడవలేదు. చివరి రెండేళ్ళూ అమ్మ కలిపి పెడితేనే ముద్ద మింగేవారు. ఆవిడ జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేద్దామని పెదనాన్నగారు నన్ను రాయమన్నారు. అమ్మను అడిగితే, "ఆవిడ పుణ్యం ఆవిడది, నా నడుం నాది" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాకు కలం సాగడం లేదు. మామ్మ అంటే నాకు ప్రాణం. అమ్మ మాట రాస్తే మామ్మకు ద్రోహం చేసినట్టు, రాయకపోతే అమ్మకు ద్రోహం చేసినట్టు అనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పెదనాన్నగారు రాసిచ్చిన రెండు పేజీల చిత్తుప్రతిని కూడా పంపడం మంచిదైంది. అందులో "1996 తుఫానులో వారం రోజులు వీధి వీధికంతా అన్నం పెట్టిన తల్లి" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ నవంబరులో కొబ్బరితోటలు నేలమట్టమై, ఇళ్ళ కప్పులు లేచిపోయి, కోనసీమ ఎలా ఉందో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు ఉన్న ధాన్యమంతా బయటికి తీయమనడానికి గుండె కావాలి, అది మీ మామ్మగారిది. అయితే తడిసిన కొబ్బరి మట్టలతో పొయ్యి రాజేసి, పొగలో కళ్ళు నలుపుకుంటూ గుండిగలకు గుండిగలు వండి, సిబ్బి పట్టుకుని గంజి వార్చిన చేతులు ఎవరివి? అప్పటికి మీ అమ్మగారు ముప్పై దాటని కోడలు, మీరు ఏడేళ్ళ పిల్ల. ఆ వాక్యంలో ఆవిడ ఎక్కడా లేరు. మీ కలం ఆగిపోయింది అక్కడేనని నా అనుమానం.

మీ ప్రాంతంలో అన్నదానం అనగానే డొక్కా సీతమ్మగారి పేరు వస్తుంది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వచ్చి, 1909లో కన్నుమూసే వరకు ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన ఆ తల్లి పేరును 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. ఆమె గురించి మీ వైపు చెప్పుకునే కథ ఒకటుంది. అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు "త్వరగా నడవండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అనుకోవడం విని, యాత్ర మానుకుని వెనక్కి వచ్చి వాళ్ళకు వండి పెట్టారట. జరిగినదెంతో, జనం కలుపుకున్నదెంతో గాని, ఆ కథలో భక్తి, వంట, శ్రమ మూడూ ఒక్క మనిషివే. మీ ఇంట్లో భక్తీ మాటా మామ్మగారివి. రాత్రి తొమ్మిదికి అతిథి అరుగెక్కితే మళ్ళీ ఎసరు పెట్టింది మాత్రం కోడళ్ళు.

ఇలా అన్నంత మాత్రాన మామ్మగారిని తక్కువ చేసినట్టు అనుకోకండి. ఆవిడా ఒకప్పుడు ఆ పొయ్యి ముందు కూర్చున్న కోడలే. పొలం మీద సంతకం లేని, చేతికి రూపాయి రాని ఆ తరం ఇల్లాలికి ఇంట్లో తనదని చెప్పుకోగలిగిన అధికారం బియ్యపు డబ్బా మీదే ఉండేది. దాన్ని దాచుకోవడానికి వాడుకున్న అత్తగార్లు ఎందరో ఉన్నారు, మీ మామ్మగారు పెట్టడానికి వాడుకున్నారు. అది గొప్పదే. ఎవరి నడుం మీద పెడుతున్నామన్నది ఆవిడకు తోచకపోయి ఉండవచ్చు, లేదా తోచినా నోటితో చెప్పడం రాకపోయి ఉండవచ్చు. చివరి రెండేళ్ళూ మంచాన పడ్డప్పుడు మీ అమ్మగారు కలిపి పెడితేనే ముద్ద మింగేవారని మీరే రాశారు.

కాబట్టి పుస్తకం సంగతి పక్కన పెట్టి ముందు అమ్మగారి దగ్గర కూర్చోండి. ఫోనులో రికార్డు చేస్తూ, "మామ్మ నిన్ను బాధపెట్టిందా" అని అడిగితే ఏ కోడలూ జవాబు చెప్పదు. ఇద్దరూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, రోజుకు ఎన్ని శేర్ల బియ్యం పడేవి, పప్పు ఎవరు రుబ్బేవారు, అందరూ తిన్నాక మీకు ఏం మిగిలేది, ఇటువంటివి అడగండి. చెప్పినది చెప్పనివ్వండి. చెప్పనంటే అంతటితో వదిలేయండి, ఆ మౌనం కూడా ఆవిడ హక్కే. దొడ్డమ్మగారినీ ఇలాగే అడగండి, ఆవిడను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

ఇక సంవత్సరీకాల రోజున మడి కట్టుకుని వండే పని మీ అమ్మగారి మీద పడకుండా చూడండి. మడి వంట చేసే వంటవాళ్ళు మీ వైపు దొరుకుతారు, ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. భోక్తల భోజనాలయ్యాక ఇంటివాళ్ళు కూర్చునే మొదటి బంతిలో ఇద్దరు కోడళ్ళకూ విస్తళ్ళు వేయించి, మీరు వడ్డించండి. అందరి తర్వాత తినడం అలవాటైన మనిషి మొదట ఒప్పుకోదు, బలవంతం చేసినా తప్పులేదు.

పెదనాన్నగారితో ఇప్పుడే వాదన పెట్టుకోవద్దు. తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఆయన, మచ్చ లేకుండా రాయమనడం ఆయన దుఃఖం. ఆ తుఫాను వాక్యం ఒక్కటి తీసుకుని, "అమ్మ పెట్టమంది, కోడళ్ళిద్దరూ తడి కట్టెలతో వండారు" అని, ఇద్దరి పేర్లతో తిరిగి రాసి ఆయనకు చూపించండి. ఆయన ఏ మాట కొట్టేస్తారో, ఏది ఉంచుతారో చూసి నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.