రోజుకి నాలుగే అన్నావు కదా

చిరంజీవి చిన్నాకి,

మీ బాబాయ్ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "రోజుకి నాలుగే బాబాయ్, బాగా తగ్గించేశాను" అన్నావు. అప్పటి నుంచి ఆ మాటే చెవిలో తిరుగుతోంది. పది నుంచి నాలుగుకి రావడం చిన్న సంగతేం కాదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు సిగరెట్లు లెక్కపెడుతున్నావు. లెక్కపెట్టాల్సింది ఏళ్ళు. 19 ఏళ్ళప్పుడు మొదలుపెట్టావు, ఇప్పుడు నీకు 36. అంటే 17 ఏళ్ళయింది.

రోజూ తాగే సంఖ్య రెట్టింపయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. అదే తాగే ఏళ్ళు రెట్టింపయితే ముప్పు రెండింతలతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే పొగలో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు 70కి పైగా ఉన్నాయి. వాటిలో బెంజోపైరీన్ లాంటివి కణం లోపలికి పోయి డీఎన్ఏకి అతుక్కుంటాయి. కణం చాలావరకు రిపేరు చేసుకుంటుంది. ఎప్పుడో ఒకటి తప్పిపోతుంది, అది అలాగే ఉండిపోతుంది. కొన్నేళ్ళకి దాని మీద ఇంకొకటి. అలా పేరుకుని పేరుకుని ఒకరోజు ఆ కణం అదుపు తప్పుతుంది. నాలుగు సిగరెట్లతో ఈ పని నెమ్మదిస్తుందేమో కానీ ఆగదు. "లైట్" అని రాసినవి తాగినా అంతే. అలవాటుపడ్డ ఒళ్ళు అడిగే నికోటిన్ కోసం మనకి తెలియకుండానే ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా లాగుతాం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందో తెలుసుకోడానికి 1948-49లో లండన్ ఆసుపత్రుల్లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు రోగుల అలవాట్లు అడిగి రాయించారు. కార్ల పొగ వల్లనో, రోడ్ల మీద వేసే తారు వల్లనో అయ్యుంటుందని మొదట డాల్ అనుమానం. తీరా చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్ళలో సిగరెట్ ముట్టనివాళ్ళు ఇద్దరంటే ఇద్దరే. డాల్‌కీ సిగరెట్ అలవాటుండేది. ఆ లెక్కలు పూర్తికాకముందే మానేశాడు.

నాతో పాతికేళ్ళు పక్క టేబుల్ దగ్గర పనిచేసిన స్నేహితుడు మానలేదు. ఆరు నెలలు దగ్గాడు. "పొగ తాగేవాడికి దగ్గు మామూలే" అనేవాడు, నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు చేతిరుమాలులో సన్నటి ఎర్ర దారంలా కనిపించింది. ఎక్స్‌రే ఫిల్మ్ ఆఫీసుకి తెచ్చి కిటికీ వెలుతురుకి పట్టుకుని నాకు చూపించాడు. కుడివైపు పైన గోళీ అంత తెల్ల మచ్చ. "నొప్పేమీ లేదురా" అన్నాడు. ఊపిరితిత్తి కండకి నొప్పి తెలియదు చిన్నా. నొప్పి తెలిసేసరికి ఆ మచ్చ వేరేచోటికి పాకి ఉంటుంది. ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ దగ్గు విన్న మొదటి నెలలోనే డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళలేకపోయానే అని ఇప్పటికీ బాధ.

వాడు పోయాకే నేను మానేశాను, 48వ ఏట. అంతకుముందు నాలుగుసార్లు మానేసి మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగుసార్లూ "తగ్గిస్తా, తగ్గిస్తా" అంటూనే చెడ్డాను. అయిదోసారి తేదీ పెట్టుకుని, ముందు రోజు రాత్రి లైటర్, యాష్‌ట్రే అన్నీ పారేశాను. నువ్వూ రెండు వారాల్లోపు ఒక తేదీ పెట్టుకో. ఇంట్లో అందరికీ చెప్పు.

మొదటి మూడు రోజులే పెద్ద గండం. తల బరువు, ఊరికే చిరాకు, నిద్ర పట్టదు. భోజనం అవగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు దగ్గరికి పోయేది. అందుకని తినగానే లేచి నడిచేవాణ్ణి. తాగాలనిపించడం అలలా వస్తుంది, కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఆ కాసేపు నీళ్ళు తాగు, ఎవరితోనైనా మాట్లాడు. మరీ కష్టమైతే డాక్టర్‌ని అడిగి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచో, నికోటిన్ చూయింగ్ గమ్మో వాడు, మందు బిళ్ళలూ ఉన్నాయి. అందులో నామోషీ ఏమీ లేదు. మనల్ని కట్టేసేది నికోటిన్ అయినా, క్యాన్సర్ తెచ్చేది పొగ.

మానేసిన కొత్తల్లో దగ్గు, కఫం ఎక్కువ కావచ్చు. భయపడి మళ్ళీ అంటించకు. గాలి గొట్టాల్లో చెత్త ఊడ్చే సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, ఇన్నాళ్ళూ పొగకి చచ్చుబడి ఉన్నవి మళ్ళీ పని మొదలుపెడతాయన్నమాట. మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించు. రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

బ్రిటన్ డాక్టర్లని 50 ఏళ్ళ పాటు గమనించిన లెక్క 2004లో వచ్చింది. పొగ మానని వాళ్ళకి సగటున పదేళ్ళ ఆయుష్షు తగ్గిందట. 40లో మానేసినవాళ్ళకి అందులో తొమ్మిదేళ్ళు దక్కాయి, 50లో మానేసినవాళ్ళకి ఆరు. నాకు దక్కేది అందులో కొంతే. నీకింకా దాదాపు అంతా దక్కుతుంది.

తేదీ నాకు మెసేజ్ పెట్టు. మూడో రోజు రాత్రి ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మెలకువగానే ఉంటాను.

మీ బాబాయ్