క్వయర్ పాట చివరికొచ్చేసరికి శ్రుతి దిగిపోతుంటే

మీ చిత్తూరు చర్చి క్వయర్ కీబోర్డు లేకుండా నాలుగు పార్టుల్లో, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరవరసల్లో పాడితే మూడో చరణానికల్లా అర మెట్టు దిగిపోతోందన్నారు కదండీ. గొంతులు బాగోలేక కాదది. స్వరం దిగేటప్పుడు కాస్త ఎక్కువ దిగుతాం, ఎక్కేటప్పుడు కాస్త తక్కువ ఎక్కుతాం. ఒకే స్వరం వరసగా నాలుగైదుసార్లు వచ్చేచోట ఆల్టోలు (కింది స్థాయిలో పాడే ఆడగొంతులు) మెల్లగా జారుతుంటారు.

ముందు బేస్ వాళ్లను, అంటే అందరికంటే కింది స్థాయిలో పాడే మగగొంతుల్ని చూడండి, పునాది కుంగితే పైవాళ్లేం నిలబడతారు? ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ పాట శ్రుతికి పెట్టి, మాటల్లేకుండా ‘ఊ’ అంటూ సగం వేగంతో పాడించండి. ప్రతి లైను చివరా ఆపి కీబోర్డుతో సరిచూస్తే జారే చోటు దొరికిపోతుంది. పాట ఎఫ్‌లో ఉంటే అర మెట్టు పైనున్న ఎఫ్ షార్ప్‌కు పెంచి చూడండి, ఒక్కోసారి దాంతోనే నిలుస్తుంది. గట్టిగా పాడమని మాత్రం అనకండి, పక్కవాళ్ల గొంతు వినపడక ఇంకా చెడుతుంది.