ఇల్లంతా సర్దాం, తొమ్మిది నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది!

ప్రశ్న: అమ్మ ఒక్కతే ఉంటుంది. పోయిన భోగికి అన్నయ్యా నేనూ మూడు రోజులు కూర్చుని పాత పేపర్లు, పగిలిన బకెట్లు, స్వీటు డబ్బాలు, నాన్న మందుల అట్టపెట్టెలు అన్నీ తీసేశాం. దసరాకి వెళ్తే మళ్లీ అదే సీను! ఇల్లు అలాగే ఉంచుకునేవాళ్లు అసలు ఉంటారా?

జవాబు: ఉంటారమ్మా, తమ చేత్తో తాము తీసేసుకున్నవాళ్లు. మీ ఉత్తరంలో అమ్మ ఏం పారేయమందో ఒక్క ముక్క లేదు. పోయింది సామానే, ‘ఎందుకైనా పనికొస్తుంది’ అనే అలవాటు కాదుగా. సర్దడంలో ప్రపంచానికే పాఠాలు చెప్పిన మేరీ కాండో కూడా ముగ్గురు పిల్లలు పుట్టాక కాస్త వదిలేశానని 2023లో ఒప్పుకుంది, కాబట్టి కొంత చిందరవందరకి టెన్షన్ పడకండి.

కానీ ఒకటి చూడండి. మంచం మీద పడుకోవడానికీ, పొయ్యి దగ్గర వండుకోవడానికీ చోటు లేకుండా పోగవుతోందా, కాగితం తీసినా ఆవిడ అల్లాడిపోతోందా? అయితే అది హోర్డింగ్ డిజార్డర్, అంటే ఏదీ పారేయలేక పోగేసుకునే మానసిక సమస్య కావచ్చు. అమెరికా సైకియాట్రీ నిపుణుల సంఘం దీన్ని 2013లో విడి రుగ్మతగా తన జాబితాలో చేర్చింది. అలాంటప్పుడు బలవంతంగా ఖాళీ చేస్తే మళ్లీ నిండుతుంది, పైగా మీ మీద నమ్మకం పోతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలూ అలవాట్లూ మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స) చేసే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

అంత లేకపోతే వెళ్లినప్పుడల్లా ఒక్క అలమర, ఆవిడ తీస్తే మీరు మోయండి. నాన్న వస్తువులు ఇంకా ఏవైనా మిగిలి ఉంటే వాటి జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.