అబ్బాయికి స్టూడియో కొనిపెట్టాలా? ముందు గది సంగతి చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి శ్రీకాకుళంలో బి.ఎస్సీ. ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిగా ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పాటలు రికార్డు చేసి మిక్సింగ్ (గొంతునూ వాద్యాలనూ సరైన పాళ్లలో కలపడం) చేస్తున్నాడు. ఇప్పుడు ఖరీదైన మైకు, స్పీకర్లు, గోడలకు ఫోమ్, కొత్త సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి లక్షన్నర కావాలంటున్నాడు. డిగ్రీ మానేసి చెన్నైలోనో హైదరాబాదులోనో సౌండ్ కోర్సులో చేరతానని కూడా అంటున్నాడు. ఇందులో బతుకుదెరువు ఉందా? మా అమ్మ చేత పాడించి వాడు రికార్డు చేసిన ఉభాల పాటను (వరి నాట్ల పాటను) జతచేస్తున్నాను.

జవాబు: మాస్టారూ, ఉత్తరంతో పాటు ఆ పాటను కూడా పంపడం చాలా మేలు చేసింది. పిల్లవాడి కోరిక విని చెప్పే సలహా వేరు, అతని పని విని చెప్పే సలహా వేరు. పాటను నేను హెడ్‌ఫోన్లలో రెండుసార్లు, ఫోను స్పీకరులో ఒకసారి, కారులో ఒకసారి విన్నాను. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు చివరి మాట దగ్గర శ్రుతి కాస్త దిగిందని గమనించి, మీ అబ్బాయి ఆ ఒక్క ముక్కను మళ్లీ పాడించి అతికించాడు. అతుకు దగ్గర ‘టక్’మని చిన్న చప్పుడు మిగిలిపోయింది కాబట్టి నాకు తెలిసింది. ఆ చప్పుడు తప్పే. కానీ శ్రుతి దిగిన సంగతి ఎవరూ చెప్పకుండానే పట్టుకున్న చెవి అతనిది. ఈ వృత్తికి పెట్టుబడి అదే, దాన్ని మీరు కొనివ్వనక్కరలేదు.

ఇక లోపాలు. గొంతు ఖాళీ నీళ్ల ట్యాంకులోంచి వస్తున్నట్టుంది. వెనుక ఫ్యాను హోరు ఆద్యంతం వినిపిస్తోంది. మీ అమ్మగారు గొంతెత్తి పాడిన రెండు చోట్ల ధ్వని చిట్లిపోయింది. రెండో చరణం మధ్యలో రైలు కూత ఉంది. చివరికి కీబోర్డు డప్పులూ రివర్బూ (కృత్రిమంగా చేర్చే ప్రతిధ్వని) కలిసి మాటలను మింగేశాయి. వీటిలో ఒక్కటి కూడా లక్షన్నర సామానుతో పోయేది కాదు. పైగా ఖరీదైన కండెన్సర్ మైకు గదిలోని ప్రతి చిన్న చప్పుడునూ ఇంకా స్పష్టంగా పట్టుకుంటుంది కాబట్టి, ఇదే గదిలో ఇదే పద్ధతిలో దానితో రికార్డు చేస్తే లోపాలు మరింత బాగా వినిపిస్తాయి. అందుకే సామాను మాట కాసేపు పక్కన పెట్టి గది సంగతి చెబుతాను.

స్లాబు వేసిన గదిలో, టైల్స్ నేల మీద, నునుపైన గోడల మధ్య పాడినప్పుడు గొంతు నేరుగా మైకులోకి ఒకసారి వెళుతుంది, గోడలకు తగిలి తిరిగి మరికొన్నిసార్లు వెళుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుందని మీ అబ్బాయి ఫిజిక్స్‌లో చదివే ఉంటాడు. పది అడుగుల దూరంలోని గోడకు వెళ్లి రావడానికి దానికి 18 మిల్లీసెకన్లకు మించి పట్టదు. ఇంత త్వరగా వచ్చే ప్రతిధ్వనిని మన చెవి వేరుగా గుర్తించలేదు, అసలు గొంతుతోనే కలిపేసుకుంటుంది. ఆ ట్యాంకు ధ్వని పుట్టేది అక్కడే. ఒకసారి రికార్డయిన తరువాత దాన్ని ఏ ప్లగిన్‌తోనూ (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు జోడించే పనిముట్టు) పూర్తిగా తీయలేము.

గోడలకు అంటించే పలుచని ఫోమ్ పైస్థాయి (కీచుగా ఉండే) ధ్వనులను మాత్రమే పీల్చుకుని, కింది, మధ్యస్థాయి ధ్వనులను అలాగే వదిలేయడం వల్ల గొంతు మందకొడిగా, డబ్బాలోంచి వచ్చినట్టుగా మారుతుంది. కోడిగుడ్ల అట్టలైతే దాదాపు ఏ పనీ చేయవు. మన ఇళ్లలో ఉండే దూది పరుపులు, పాత చీరలతో కుట్టిన బొంతలు, బట్టలతో నిండిన అలమరా వీటికంటే ఎన్నో రెట్లు నయం. వాటిని ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం. గొంతు రికార్డింగుకు సాధారణంగా వాడే కార్డియాయిడ్ మైకు తన ముందు వైపు నుంచి వచ్చేదాన్ని బాగా పట్టుకుని, వెనుక వైపు నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. అంటే మైకు చూస్తున్నది పాడేవారినీ, వారి వెనుక ఉన్న గోడనూ. కాబట్టి బొంతలు వేలాడదీయవలసింది పాడేవారి వీపు వెనుకా, రెండు పక్కలా. చాలామంది పిల్లలు మైకు వెనుక గోడకు ఫోమ్ అంటించి, పాడేవారి వెనుక గోడను బోడిగా వదిలేస్తారు. నేల మీద జంపఖానా పరిచి, గదికి సరిగ్గా నడుమనా మూలనా కాకుండా కొంచెం పక్కకు జరిగి కూర్చుంటే ఇంకా మంచిది.

బొంతలు గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటి చప్పుడును ఆపలేవు. మీ ఊరు హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మీ ఊళ్లోనే ఉంది, రైలు కూతను ఆపగలిగే ఫోమ్ ఏ దుకాణంలోనూ దొరకదు. కూత వినిపించగానే ఆపి, ఆ చరణం మొదటి నుంచి మళ్లీ పాడించడమే దారి. రికార్డింగు జరిగినంతసేపు ఫ్యానూ ఫ్రిజ్జూ కట్టేయమనండి. మీ అమ్మగారి వయసును దృష్టిలో పెట్టుకుని రెండు టేకులకొకసారి ఫ్యాను వేసి, మంచినీళ్లు ఇచ్చి, చెమట ఆరనివ్వమనండి. పాడేవారి సుఖం చూసుకోవడం కూడా సౌండ్ ఇంజనీరు పనిలో భాగమే.

మైకును నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం ఏటవాలుగా ఉంచి, మధ్యలో పాప్ ఫిల్టరు అనే పలుచని తెర పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి కొట్టిన చప్పుడు రాదు. మరీ దగ్గరగా పెడితే గొంతు అడుగు స్థాయి ఉబ్బుతుంది, దూరం పెడితే మళ్లీ గది వచ్చి చేరుతుంది. ధ్వని చిట్లిన చోట్ల సంగతి ఇంకా తేలిక. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే ముక్కను ముందుగా పాడించి, అక్కడ మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఉండేలా గెయిన్ (మైకు ధ్వనిని పెంచే మోతాదు) సర్దుకుని, ఆ తరువాతే రికార్డు నొక్కాలి. 24 బిట్‌లో రికార్డు చేసేటప్పుడు మీటరును ధ్వని చిట్లే హద్దు అయిన సున్నా దాకా తోయవలసిన అవసరమే లేదు. తక్కువగా రికార్డయినదాన్ని తరువాత పెంచుకోవచ్చు, చిట్లినదాన్ని మాత్రం మళ్లీ పాడించుకోవలసిందే. రికార్డింగులో సన్నని గుంయ్‌మనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడమనండి. మోత ఆగితే అది కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ బాపతు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగు సరిచేయించండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో తొందర అక్కరలేదు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు అన్ని సదుపాయాలతో ఉచితంగా వాడి చూడవచ్చు. ఆ తరువాత వ్యక్తిగత లైసెన్సు ధర 60 డాలర్లు. క్యూబేస్, ప్రో టూల్స్, ఎఫ్ఎల్ స్టూడియో ఏదైనా చేసే పని ప్రాథమికంగా అదే. దొంగ కాపీలు మాత్రం వద్దు, వాటి వెంట వైరస్ వచ్చి ప్రాజెక్టులన్నీ పోగొట్టుకున్న పిల్లలను చూశాను. పాడేటప్పుడు హెడ్‌ఫోన్లలో తన గొంతు ఆలస్యంగా వినిపిస్తోందని మీ అబ్బాయి ఎప్పుడైనా విసుక్కుని ఉంటే, అది బఫర్ (కంప్యూటరు ధ్వనిని కాసేపు పోగుచేసుకునే చోటు) వల్ల. సెకనుకు 48 వేల శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు, 128 అంటే 3 మిల్లీసెకన్ల లోపే. రికార్డు చేసేటప్పుడు తగ్గించుకుని, మిక్సింగులో పెంచుకోవాలి.

మిక్సింగు దగ్గర మీ అబ్బాయి తొందరపడ్డాడు. ప్లగిన్లు తెరవక ముందే ఫేడర్లతో (ఒక్కో ట్రాకు ధ్వనిని పెంచి తగ్గించే మీటలు) మాత్రమే పాటను నిలబెట్టడం నేర్చుకోవాలి. ముందు గొంతును ఒక్కదాన్నే ఉంచి, మాటలు తడబడకుండా వినిపించే స్థాయి చూసుకుని, దాని కిందికి డప్పును, దాని తరువాత మిగిలినవాటిని తీసుకురావాలి. సన్నబడిపోయిన మాటలనూ ఎగిరిపడిన మాటలనూ ఆటోమేషన్‌తో (పాట నడుస్తుండగా స్థాయిని తనంతట తానే మార్చే ఏర్పాటు) ఒక్కొక్కటిగా సర్దిన తరువాతే, హెచ్చుతగ్గులను దగ్గరకు తెచ్చే కంప్రెసర్ జోలికి వెళ్లాలి. గొంతులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫ్యానూ, నేల అదురూ కాబట్టి నిర్భయంగా కోసేయవచ్చు. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గిస్తే ముద్దతనం పోతుంది. ‘స’, ‘శ’లు చెవిని గీస్తుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఆ గీతను తగ్గించే డీ–ఎస్సర్ వాడుకోవచ్చు. అతుకుల దగ్గర రెండు ముక్కలను కొన్ని మిల్లీసెకన్లు ఒకదానిపైకి ఒకటి జరిపి క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా రెండోది పెరగడం) ఇస్తే ఆ ‘టక్’ మాయమవుతుంది.

రివర్బ్ గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు అందరూ చేసే పొరపాటు ఇదే. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ చివరి అచ్చు రివర్బ్‌లో సాగి తరువాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. ఉభాల పాటలో వరి నాటే చేతి వేగంతో మాట వెంట మాట వస్తుంది కాబట్టి పొడవైన రివర్బ్ వేస్తే పాటంతా ఒకే ఊళగా మారుతుంది. రివర్బ్‌ను గొంతు ట్రాకు మీదే వేయకుండా విడి ట్రాకులో పెట్టి, గొంతును కొంత అక్కడికి పంపి (దీన్నే సెండ్ అంటారు), దాని అడుగు స్థాయిని కోసి, ఉందా లేదా అన్న అనుమానం వచ్చేంత తక్కువగా ఉంచాలి. శ్రుతిని సరిచేసే ఆటో–ట్యూన్ కూడా అంతే. మీ అమ్మగారు స్వరం మీదికి కింది నుంచి జారుకుంటూ వెళతారు, ఆ జారుడులోనే మన ప్రాంతపు యాస ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని అపశ్రుతి అనుకుని తిన్నగా చేసేస్తుంది.

పూర్తయిన పాటను మోనోలో (ఎడమ, కుడి ధ్వనులను ఒకటిగా కలిపి) ఒకసారి, ఫోనులో ఒకసారి విని, ఆ రాత్రికి వదిలేసి, మర్నాడు ఉదయం తాజా చెవులతో మళ్లీ వినాలి. గట్టిగా వినిపించాలని లిమిటర్‌తో (ధ్వని ఒక హద్దు దాటకుండా అణిచే ప్లగిన్) నలిపేయడం వల్ల లాభం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలను మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి సర్దుతుంది, యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్నదాన్ని తగ్గించే వినిపిస్తుంది.

ఒక మాట నా అనుభవం నుంచి. సుమారు పదేళ్ల కిందట బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో జముకుల కథ చెప్పే పెద్దాయన దగ్గర రెండు రాత్రులు కూర్చుని రికార్డు చేశాను. చంకలో ఇరికించుకున్న జముకు తీగను ఆయన మీటుతుంటే పైన తీగ గీసినట్టు, కింద చర్మం మూలిగినట్టు రెండు ధ్వనులు ఒకేసారి వచ్చేవి. ఆ రెండూ పడే చోటు కోసం మైకును జరుపుతూ జరుపుతూ చివరికి రెండడుగుల దూరంలో, పక్కవాటంగా పెట్టాను. అంతా ఒకే హార్డ్ డిస్కులో దాచాను. నెల తిరక్కుండా ఆ డిస్కు చెడిపోయింది. మళ్లీ వెళదామనుకునేలోపే పెద్దాయన కాలం చేశారు. ఆ రెండు రాత్రుల కథ ఇక ఎక్కడా లేదు. మీ అమ్మగారి పాటల అసలు ఫైళ్లను ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి చొప్పున మూడు కాపీలు ఈ రోజే చేయించండి.

ఇప్పుడు చదువు సంగతి. డిగ్రీ మానవద్దని గట్టిగా చెబుతున్నాను. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ దేశంలో సౌండ్ చదువుకు పేరున్న ప్రభుత్వ సంస్థలు, వాటి సౌండ్ పీజీ కోర్సులకు డిగ్రీ ఉండాలి. 2009లో ఆస్కార్ అందుకున్న సౌండ్ ఇంజనీరు రసూల్ పూకుట్టి పుణె సంస్థలో చదివినవారే. ఎం.పి.సి. చదువుతున్న మీ అబ్బాయికి తరంగాలు, డెసిబెల్ లెక్కలు, ఎలక్ట్రానిక్స్ అక్కడ సూటిగా పనికొస్తాయి. ప్రైవేటు కోర్సుల్లో మంచివి లేకపోలేదు గానీ, ఫీజు కట్టక ముందు అక్కడ చదివి వచ్చిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, విద్యార్థికి స్టూడియోలో సొంతంగా పని చేసుకోవడానికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి.

సంగీతం మాత్రం ఇక్కడే నేర్చుకోవచ్చు. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల మీకు రైలులో కొద్ది దూరమే. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ గురువుగా నడిపిన చోటు అది. డిగ్రీ అయ్యాక అక్కడ సర్టిఫికెట్ కోర్సులో చేరినా, ఈలోగా మీ ఊళ్లోనే ఒక గురువు దగ్గర స్వరజ్ఞానం సంపాదించినా, రాగం తాళం తెలిసిన ఇంజనీరు మాటకు పాటగాళ్లు ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది.

బతుకుదెరువు ఉందా అని అడిగారు. ఉంది, కానీ నెల జీతంలా వచ్చేది కాదు, మొదటి మూడు నాలుగేళ్లు సన్నగా ఉంటుంది. సినిమా పాటల మిక్సింగు ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే పోటీ చాలా ఎక్కువ. యూట్యూబ్‌లో వచ్చే జానపద పాటలు, భక్తి పాటలు, లఘుచిత్రాలకు లొకేషన్ సౌండ్, డబ్బింగ్, ఆడియో పుస్తకాలు, సభలకూ జాతరలకూ లైవ్ మిక్సింగ్, ఎన్నికల వేళ ప్రచార పాటలు అన్నీ కలిపితే పని దొరుకుతుంది. తప్పెటగుళ్లు, జముకు, డప్పు వంటి మన వాద్యాలను చక్కగా రికార్డు చేయడం వచ్చినవారు తక్కువ, అందులో చేయి తిరిగితే అతన్ని వెతుక్కుంటూ వస్తారు. అయితే పాడినవారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, పారితోషికం ముందే మాట్లాడుకోవడం మొదటి పాట నుంచే అలవాటు చేయండి. సంప్రదాయ గేయం ఊరందరిదీ కావచ్చు గానీ, గాయకుడు పాడిన పాటపై అతనికి చట్టం హక్కు ఇచ్చింది.

డబ్బు విషయంలో నా మాట ఇది. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), గది చప్పుళ్లను తక్కువగా పట్టుకునే ఒక మంచి డైనమిక్ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, స్టాండు, కేబుళ్లు, పాప్ ఫిల్టరు కలిపి 30 వేల లోపు సర్దుకోవచ్చు. స్పీకర్లు ఇప్పుడే వద్దు, గది బాగుపడకుండా అవి నిజం చెప్పవు. ఆ 30 వేలు కూడా రేపే ఇవ్వకండి. ఇప్పుడున్న మైకుతోనే, బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, మీటరు చూసుకుని, అదే ఉభాల పాటను మీ అమ్మగారి చేత మళ్లీ పాడించి, కీబోర్డు డప్పు లేకుండా, రివర్బ్ లేకుండా ఒట్టి గొంతును నాకు పంపమనండి. రెండు రికార్డింగులనూ పక్కపక్కన పెట్టుకుని విన్నాక, ఏ మైకు కొనాలో అతనితోనే మాట్లాడతాను.