ఆ తాబేలు నిన్ను చూడ్డానికి రాలేదు

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

అండమాన్‌లో స్కూబా డైవింగ్ చేసొచ్చి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎలా ఉందో చెప్పమని వరసగా మెసేజ్‌లు పెట్టావు కాబట్టి ముందు అదే చెప్పేస్తా. సగం బాగుంది, కానీ బాగున్నది నువ్వు అనుకుంటున్న సగం కాదు. నువ్వు కష్టపడి అందంగా రాసిన చోటల్లా నా కళ్లు జారిపోయాయి, హడావుడిగా ఒక్క వాక్యంలో తోసేసిన చోటల్లా ఆగిపోయాను.

మొదటి నాలుగు పేజీలు తీసెయ్. శంషాబాద్‌లో తెల్లవారుజామున క్యూ, ఫెర్రీలో కడుపు తిప్పడం, హోటల్లో నెట్ రాకపోవడం, ఇవన్నీ అయ్యాక ఐదో పేజీలో గానీ సముద్రం రాలేదు. (ఇంకోటి, ఒక చోట పోర్ట్‌ బ్లెయిర్ అన్నావు, ఇంకో చోట శ్రీ విజయపురం అన్నావు. పేరు 2024లో మార్చారు, హావ్‌లాక్ దీవినైతే 2018లోనే స్వరాజ్ ద్వీప్ చేశారు. ఏది వాడతావో తేల్చుకుని చివరిదాకా అదే వాడు, నీ ఇష్టం.) ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని చదివేవాళ్లకి ఎయిర్‌పోర్ట్ తెలుసు, ట్రాఫిక్ తెలుసు, హోటల్ గొడవలు తెలుసు. మనకి అన్నిటికంటే దగ్గరి సముద్రమే దాదాపు మూడొందల కిలోమీటర్లు, నీళ్ల కింద ఊపిరి పీల్చడం ఎలా ఉంటుందో మనవాళ్లలో చాలామందికి తెలీదు. నీ దగ్గర ఉన్న సరుకు అదొక్కటే, దాన్ని ఐదో పేజీ దాకా దాచిపెట్టావు.

అసలు మొదలు ఎక్కడుందో చెప్పనా? డైవ్‌కి ముందు ఒక ఫారం ఇచ్చారని, ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, సైనస్ ఉందా అని అందులో అడిగారని, దేనికైనా ‘అవును’ అని పెడితే డాక్టర్ సంతకం తెమ్మంటారని, నీకు చిన్నప్పటి నుంచీ సైనస్ ఉందని, పెన్ను పట్టుకుని పక్కనున్న ఫ్రెండ్ మొహం చూశావని రాసి, వెంటనే ‘తర్వాత బోటు ఎక్కాం’ అనేశావు. ఏం టిక్ పెట్టావు నాయనా? నిజం రాశావా, అబద్ధం రాశావా? అంత డబ్బు కట్టి అంత దూరం వెళ్లినవాడు ఆ ఫారం ముందు ఏం చేశాడన్నది నీ వ్యాసం మొత్తంలోకీ పెద్ద టెన్షన్. అబద్ధం రాసి ఉంటే అది కూడా రాయి, ఆ తర్వాత కింద చెవి ఎంత నొప్పెట్టిందో దాచకుండా రాయి. చదివినవాడు ఆ పని చెయ్యడు.

చెవుల గురించి నువ్వు రాసింది ‘కాస్త ఇబ్బంది’ అన్న రెండే మాటలు. ఆ ఇబ్బంది ఎందుకో తెలుసుకుని రాస్తే చదివేవాడి చెవి కూడా నొప్పెడుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. పైన ఒకటుంటే 10 మీటర్ల దగ్గర రెండు, అంటే ఒక్కసారిగా రెట్టింపు. అక్కడి నుంచి 20కి వెళ్తే మూడు, అంటే ఒకటిన్నర రెట్లే. అందుకే చెవుల గోలంతా మొదటి కొన్ని మీటర్లలోనే, ఇంకా పైన వెలుతురు కనిపిస్తుండగానే. ఫ్లైట్ దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయే, అదే బాధ, కాకపోతే ఇక్కడ నిమిషంలోపే వచ్చేస్తుంది, ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే ‘టిక్’ మని తెరుచుకుంటుంది, ఇంకో మీటరు దిగగానే మళ్లీ మొదలు. ఇది రాయి. ‘మరో లోకంలోకి అడుగుపెట్టాను’ అన్నది తీసెయ్. అలాగే ఊపిరి బిగబట్టొద్దని నేర్పారని రాశావు, ఎందుకో రాయలేదు. పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే అది బయటికి పోయే దారి లేక లోపలే చీల్చేస్తుంది. భయమేస్తే మనిషి మొట్టమొదట చేసేది ఊపిరి బిగబట్టడం, అక్కడ ప్రాణం తీసేది కూడా అదే. ఇంత నాటకం చేతిలో పెట్టుకుని నువ్వు ‘స్వర్గం’ అనే మాట ఐదుసార్లు వాడావు.

వీపు మీద ‘ఆక్సిజన్ సిలిండర్’ అని రాశావు, అది తప్పు, తెలుగులో దాదాపు అందరూ అలాగే రాస్తారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, 200 బార్ల దాకా, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు, ఒత్తిడి పెట్టి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ అయితే 6 మీటర్లు దాటాక ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ‘సముద్రగర్భం’ కూడా కొట్టెయ్. సర్టిఫికెట్ లేకుండా మొదటిసారి దిగేవాళ్లని 12 మీటర్లు దాటనివ్వరు. 12 మీటర్లు అని రాస్తే పరువేమీ పోదు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించిన సంగతి. ‘ఎర్రటి చేపలు నిప్పుకణికల్లా మెరిశాయి’ అన్నావు. టార్చ్ ఉందా నీ చేతిలో? లేదు కదా. నీళ్లు ముందుగా మింగేది ఎరుపు రంగునే. 10 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఎర్ర చేప మట్టి రంగులోనో, బూడిద రంగులోనో కనిపిస్తుంది, చెయ్యి తెగితే రక్తం కూడా ఆకుపచ్చగా, నల్లగా కనిపిస్తుంది. నువ్వు నిప్పుకణికల్ని చూసింది సముద్రంలో కాదు, వాళ్లు తర్వాత రంగులు సరిచేసి పంపిన వీడియోలో. అంటే నువ్వు ఆ వీడియో ముందు కూర్చుని రాశావు, నీ కళ్లు చూసింది పక్కన పెట్టేశావు. ఈ రోజుల్లో ప్రయాణాలు రాసే పిల్లలందరూ చేస్తున్న పనే ఇది, అందుకే ఎవరి వ్యాసం చదివినా ఒకరిదే అనిపిస్తోంది. ఫోన్ పక్క గదిలో పెట్టి రాయి. గుర్తురానిది వదిలెయ్.

‘నిశ్శబ్దం’ కూడా అలాంటిదే. నీ చెవి పక్కనే బుడగలు బుడబుడమంటూ పోతుంటే నిశ్శబ్దం ఎక్కడిది? పగడపు దిబ్బ దగ్గర సన్నగా చిటపటలు వినిపిస్తుంటాయి, ఒక రకం చిన్న రొయ్యలు ముందుకాలు టపీమని మూస్తూ చేసే చప్పుడది. చిలకచేప తన ముక్కుతో పగడాన్ని గీరి నములుతుంటే ఆ శబ్దం కూడా మనిషికి వినపడుతుంది (అది తిన్న రాయి పొడై వెనక నుంచి తెల్ల ఇసుకగా పడుతుంది, దీవుల్లో నువ్వు ఫొటోలు దిగిన తెల్ల ఇసుకలో కొంత అలా వచ్చిందే). పైన బోటు ఇంజన్ మోగితే ఏ వైపు నుంచో తెలీదు, నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వస్తుంది, రెండు చెవులకీ ఒకేసారి చేరినట్టుంటుంది. నీకు వినపడే ఉంటుంది, కాసేపు గుర్తు చేసుకో.

జంతువుల దగ్గరికి వద్దాం. నీ వ్యాసంలో ప్రతి జీవీ నీకోసమే ఏదో ఒకటి చేసింది. క్లౌన్‌ఫిష్ హలో చెప్పింది, పాములా ఉండే మోరే ఈల్ చేప కోపంగా నోరు తెరిచింది, తాబేలు నిన్ను పలకరించడానికి వచ్చింది. తమ్ముడూ, ఆ తాబేలు నిన్ను చూడ్డానికి రాలేదు. అది గాలి పీల్చే ప్రాణి, ఊపిరి కోసం పైకి పోతూ దారిలో నువ్వు అడ్డమొచ్చావంతే. క్లౌన్‌ఫిష్ నీ మాస్క్ మీదికి దూసుకొచ్చిందంటే దాని ఇంటికి మరీ దగ్గరగా పోయావన్నమాట, అది కాపురముండే అనెమొనీ (రాతికి అతుక్కుని పువ్వులా కనిపించే జీవి) మొదట్లో రాతి మీద గుడ్లు ఉండి ఉండొచ్చు. వాటి సంసారం రాసినా నీ కవిత్వం కంటే ఎక్కువ ఆశ్చర్యం పుడుతుంది: గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, అది చచ్చిపోతే దాని మొగుడు ఆడదిగా మారిపోతుంది. ఈల్ నోరు తెరిచి మూస్తున్నది కోపంతో కాదు, మొప్పల మీదుగా నీళ్లు పోవడానికి, అదే దాని ఊపిరి. నువ్వు నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ కొరుకుతూ ఊపిరి కోసం తంటాలు పడుతున్నావు, ఎదురుగా కన్నంలో అది కూడా ఊపిరే తీస్తోంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం వద్దు.

అంతా తెలిసినట్టు రాయమని కాదు నేననేది. ఏ తాబేలో తెలీకపోతే ‘తాబేలు’ అని రాయి, గద్దముక్కు లాంటి మూతి ఉందో లేదో గుర్తుంటే అది రాయి, చాలు. ‘మూడడుగుల చేప’ అనకు, ‘మూడడుగులు అనిపించింది’ అను, మాస్క్ అద్దంలోంచి చూస్తే వస్తువు మూడో వంతు పెద్దదిగా, మరింత దగ్గరగా కనిపిస్తుంది.

పగడాల మధ్య ‘వెండిలా మెరిసే తెల్లని కొమ్మలు’ చూశానన్నావు. నాకు ఆ వాక్యం దగ్గర గుండె కలుక్కుమంది. పగడం రాయీ కాదు, చెట్టూ కాదు, చిన్న చిన్న జీవుల కాలనీ. వాటికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ ఇచ్చేది లోపల కాపురముండే నాచు. నీళ్లు ఎక్కువ రోజులు వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. అప్పటికింకా చావదు, నీళ్లు చల్లబడితే కోలుకోవచ్చు, లేకపోతే ఆకలితో పోతుంది. అండమాన్‌లో 2010లో, 2016లో ఇలా పెద్దఎత్తున తెల్లబడ్డాయి. నువ్వు చూసింది అలాంటిదే అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు, కొన్ని రకాలకి కొసలు మామూలుగానే తెల్లగా ఉంటాయి. నీతో దిగిన ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి తేల్చుకుని రాయి. కానీ దయచేసి చివర్లో ‘ప్రకృతిని కాపాడుకోవడం మనందరి బాధ్యత’ అన్న పేరా మాత్రం పెట్టకు. ఉంది, చూశాను, అదే ముందు తీసెయ్. దాని బదులు ఆ సముద్ర దోసకాయ (సీ కుకుంబర్, పేరుకే దోసకాయ, నిజానికి జంతువు) ఫొటో సంగతి రాయి. డైవ్ సెంటర్ వాళ్ల మనిషి దాన్ని సముద్రం అడుగు నుంచి తీసి నీ చేతిలో పెట్టాడు, నువ్వు నవ్వుతూ పోజిచ్చావు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి, పగడాలు కూడా అంతే, విరిగిన ముక్క జేబులో వేసుకొచ్చినా నేరమే. నీ చేతిలో అది ఎలా ఉంది? మెత్తగానా, గట్టిపడిందా? మళ్లీ ఎక్కడ పెట్టారు, తీసిన చోటేనా? ఫొటో వ్యాసంతో వేయొద్దు, ఆ నిమిషం మాత్రం రాయి, నిన్ను నువ్వు మంచివాడిగా చూపించుకోకుండా.

ఇక ఫోన్లో నవ్వుతూ చెప్పి వ్యాసంలో లేకుండా చేసిన ముక్క. ఇన్‌స్ట్రక్టర్ ‘బాగున్నావా’ అని సైగ చేస్తే నువ్వు మనం వాట్సాప్‌లో పెట్టేసినట్టు బొటనవేలు పైకెత్తావు, నీళ్ల కింద దానర్థం ‘పైకి పోదాం’ కాబట్టి ఆయన నిన్ను పైకి తీసుకొచ్చేశాడు, నువ్వు బయట ఏమైందో అర్థంకాక తెల్లమొహం వేశావు, మళ్లీ మొదటి నుంచి చెవులు ఊదుకుంటూ దిగాల్సి వచ్చింది. ఒడ్డున అంతా నేర్పారు, వేలూ వేలూ కలిపి సున్నా చుట్టాలని చెప్పారు, భయంలో మర్చిపోయావు. ఇంత మంచి సన్నివేశాన్ని వదిలేసి ‘నాకు అస్సలు భయం వేయలేదు’ అని ఎవరి కోసం రాశావు? ఆఫీసులో వాళ్లు నవ్వుతారనా? నవ్వనీ. నవ్వినవాడు చివరిదాకా చదువుతాడు.

డైవ్ అయ్యాక షాపింగ్, సూర్యాస్తమయం, క్యాండిల్ లైట్ డిన్నర్ అక్కర్లేదు. ఫ్లైట్ ఎక్కడానికి ముందు ఎన్ని గంటలు ఆగాలో ఒక వాక్యం ఉంచు, అది పనికొస్తుంది: ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18.

రాయడం అలవాటు కావాలంటే మళ్లీ అండమాన్ వెళ్లక్కర్లేదు. ఆదివారం పొద్దున రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పో, ఒక్క చేప ముందు నిలబడు, కొనకపోయినా తిట్టరు, కాస్త పక్కకి జరగమంటారంతే. ఇంటికొచ్చి దాని గురించి ఒక పేజీ రాయి, అందులో ‘అద్భుతం’, ‘అందం’ ఉండకూడదు, నువ్వూ ఉండకూడదు. పొలుసు ఏ వైపుకి పడుకుని ఉంది, కన్ను మీద పొర వచ్చిందా, మొప్ప ఎత్తితే లోపల ఏ రంగు. నాలుగు వారాలు చెయ్, నీకే తేడా తెలుస్తుంది.

ఒకటి మిగిలింది. బోటు మీద ట్యాంకులు మోసిన పెద్దాయన నీ మాట విని ‘ఏ ఊరు బాబూ మనది’ అని తెలుగులో అడిగాడని, వాళ్లది శ్రీకాకుళం వైపు అని, తాతల కాలంలోనే వచ్చేశారని రాశావు, ఒకటిన్నర లైను. అక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు, చేపలవేట మీద వెళ్లి స్థిరపడిన కుటుంబాలు. 2004 సునామీ రోజు ఆయన ఎక్కడున్నాడు? ఆ నీళ్లలో వల వేసిన మనిషి ఇప్పుడు టూరిస్టులకి చేపలు చూపించే బోటు ఎందుకు ఎక్కాడు? నువ్వు అరగంటసేపు చూసిన సముద్రాన్ని ఆయన జీవితమంతా చూశాడు, అయినా నీ వ్యాసంలో ఆయనకి దక్కింది చేపలకి దక్కినంత కూడా లేదు. నంబరు తీసుకున్నావా? తీసుకోకపోతే ఆ డైవ్ సెంటర్ వాళ్లని అడిగి తీసుకో. చీకటి పడ్డాక చెయ్యి, పగలు బోటు మీద ఉంటాడు, సిగ్నల్ దొరకదు. పేరు రాయొచ్చా అని మాత్రం ముందే అడుగు.

ఉంటాను,
నీ అన్న