మంగోలియా వాళ్లు కూరగాయలు ఎందుకంత తక్కువ తింటారు?

ముందు అక్కడి చలి చూడండి. పంట పండేది మూడు నెలలకు కాస్త అటూ ఇటూ, చలికాలంలో మైనస్ 30 డిగ్రీలు మామూలే, పైగా మందల వెంట గుడారం మార్చుకుంటూ తిరిగేవాళ్లు మడి కట్టి నీళ్లు పెట్టేదెప్పుడు? అందుకే వేసవిలో పెరుగు, మీగడ, రాయిలా ఎండిన పెరుగు ముక్కలు, చలికాలంలో గొర్రె మాంసం, ఏడాది పొడవునా ఉప్పేసిన పాల టీ. గడ్డి పశువులకు, మాంసం మనుషులకు అని పెద్దవాళ్లు అనేవారు. సోషలిస్టు కాలంలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు వచ్చాకే బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ బాగా అలవాటయ్యాయి.

ఇప్పుడు దాదాపు సగం జనం రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉంటున్నారు, కూర్చుని చేసే ఉద్యోగాలు, గుండెజబ్బుల టెన్షన్, దాంతో సలాడ్లు పెరిగాయి, శాకాహార హోటళ్లూ వచ్చాయి. నాకైతే ఇది మంచి మార్పే. కానీ పచ్చిక మైదానాల్లో పశువులు కాసుకునేవాళ్లకు తాజా ఆకుకూర ఇప్పటికీ దూరమే.